మహిళల ఫుట్‌బాల్: సమాన వేతనం అంటున్నప్పుడు ఏ డబ్బు గురించి మాట్లాడుతున్నాం?

2022 అక్టోబరులో బీసీసీఐ ఒక ప్రకటన చేసింది. ఇకపై భారత మహిళా క్రికెటర్లకు కూడా పురుషులతో సమానంగా మ్యాచ్ ఫీజు ఇస్తామని చెప్పింది. టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షల రూపాయలు. చాలామంది దీన్ని ‘ఇద్దరికీ ఒకే సంపాదన’ అని అర్థం చేసుకున్నారు. కానీ ఏడాది కాంట్రాక్టు సంగతి ఆ ప్రకటనలో లేదు. అప్పటికి మహిళల్లో పై గ్రేడుకు ఏడాదికి 50 లక్షలు, పురుషుల్లో ఏ ప్లస్ గ్రేడుకు 7 కోట్లు. పద్నాలుగు రెట్ల తేడా. ప్రకటనలో అబద్ధమేమీ లేదు. అది ఒక్క పద్దుకు సంబంధించినది, అంతే.

మహిళల ఫుట్‌బాల్‌లో నడుస్తున్న గొడవ కూడా ఇలాంటిదే, కాకపోతే చిక్కుముళ్లు ఇంకా ఎక్కువ. ‘అమెరికాలో సమాన వేతనం వచ్చేసింది కదా’ అంటారు ఒకరు. ‘వరల్డ్ కప్‌లో ఫిఫా (ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే సంస్థ) పురుషులకిచ్చిన దాంట్లో నాలుగో వంతే మహిళలకు ఇచ్చింది’ అంటారు ఇంకొకరు. ఇద్దరిదీ నిజమే, ఇద్దరూ మాట్లాడుతున్నది వేర్వేరు డబ్బు గురించి. అది ఎక్కడ పుడుతుంది, ఎవరి చేతుల మీదుగా వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది చూస్తే సగం గందరగోళం తీరుతుంది.

ప్లేయర్ దాకా డబ్బు వచ్చే దారులు

మొదటిది, దేశం తరఫున ఆడినందుకు ఆ దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే మ్యాచ్ ఫీజు, గెలిస్తే వచ్చే బోనస్. రెండోది ప్రైజ్ మనీ. వరల్డ్ కప్‌కైతే ఇది ఫిఫా నుంచి వస్తుంది, కానీ నేరుగా ప్లేయర్ల ఖాతాలో పడదు, సమాఖ్యకు వెళుతుంది. అందులో జట్టుకు ఎంత అన్నది సమాఖ్యతో వాళ్లకున్న ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. మూడోది క్లబ్ ఇచ్చే జీతం. నాలుగోది స్పాన్సర్లు, ప్రకటనలు.

కోర్టుల దాకా వెళ్లిన తగాదాలు ఎక్కువగా మొదటి రెండింటి మీదే. ఎందుకంటే అక్కడ సమాఖ్య ఒక్కటే, జెర్సీ మీద గుర్తు ఒక్కటే, ఆడేది ఒకే దేశం కోసం. క్లబ్ జీతాల దగ్గర మాత్రం ‘మెస్సీకి ఇచ్చినంత ఇవ్వండి’ అని ఎవరూ అడగడం లేదు. అక్కడ అడిగేది బతకడానికి సరిపడే కనీస జీతం, గాయమైతే వైద్యం, పిల్లలు పుడితే ఉద్యోగం పోకుండా ఉండటం.

డబ్బుగా కనిపించని పద్దు ఇంకొకటి ఉంది: వసతులు. 2015 మహిళల వరల్డ్ కప్ కెనడాలో జరిగినప్పుడు అన్ని మ్యాచ్‌లూ కృత్రిమ టర్ఫ్ మీదే పెట్టారు. పురుషుల వరల్డ్ కప్‌ను ఎప్పుడూ అలా నడపలేదు. ప్లాస్టిక్ గడ్డి మీద జారి పడితే చర్మం గీరుకుపోతుంది. అమెరికా ఫార్వర్డ్ సిడ్నీ లెరూ అలాంటి టర్ఫ్ మీద ఆడాక, రక్తం చిమ్ముతున్న తన కాళ్ల ఫొటోను 2013లోనే అందరికీ చూపించారు. మరుసటి ఏడాది పలు దేశాల ప్లేయర్లు కెనడాలో ఫిర్యాదు చేశారు కూడా. టోర్నీ దగ్గర పడటంతో దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, మ్యాచ్‌లు టర్ఫ్ మీదే జరిగాయి.

అమెరికా కేసు: ఎక్కువ సంపాదించినా తక్కువ ఇచ్చినట్టేనా?

2019 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడే, అమెరికా మహిళా జట్టులోని 28 మంది తమ సమాఖ్య మీద ఫెడరల్ కోర్టులో కేసు వేశారు. అందులో ఇచ్చిన ఒక లెక్క చూద్దాం. మహిళల జట్టూ పురుషుల జట్టూ ఏడాదిలో ఇరవై ఫ్రెండ్లీ మ్యాచ్‌లు (టోర్నీలో భాగం కానివి) ఆడి, ఇరవయ్యీ గెలిచాయనుకుందాం. అప్పటి ఒప్పందాల ప్రకారం మహిళా ప్లేయర్‌కు గరిష్ఠంగా వచ్చేది 99,000 డాలర్లు, అంటే మ్యాచ్‌కు 4,950. పురుష ప్లేయర్‌కు సగటున 2,63,320 డాలర్లు, మ్యాచ్‌కు 13,166. అతనికి రూపాయి వస్తే ఆమెకు ముప్పై ఎనిమిది పైసలన్న మాట.

అదే ఏడాది జులై 7న ఫ్రాన్స్‌లోని లియోన్‌లో వాళ్లు వరల్డ్ కప్ ఫైనల్ గెలిచారు. నెదర్లాండ్స్ మీద 2–0. స్టేడియంలో జనం జట్టు పేరు వదిలేసి ‘సమాన వేతనం’ అంటూ నినాదాలు చేశారు.

2020 మార్చిలో సమాఖ్య లాయర్లు కోర్టుకు ఇచ్చిన పత్రాల్లో ఒక వాదన పెట్టారు. పురుషుల జట్టు పనికి ఎక్కువ నైపుణ్యం కావాలి, దాని మీద బాధ్యత ఎక్కువ అని. వరుసగా రెండు వరల్డ్ కప్‌లు గెలిచిన జట్టు గురించి ఈ మాట! మార్చి 11న జపాన్‌తో మ్యాచ్‌కు ముందు ప్లేయర్లు వార్మప్ జెర్సీలను తిరగేసి తొడుక్కుని వచ్చారు. సమాఖ్య గుర్తు కనిపించలేదు, నాలుగు వరల్డ్ కప్‌ల గుర్తుగా ఉన్న నాలుగు నక్షత్రాల ఆకారం మాత్రం తెలుస్తూనే ఉంది. మర్నాడే సమాఖ్య అధ్యక్షుడు కార్లోస్ కార్డెయిరో రాజీనామా చేశారు.

అయినా 2020 మే 1న జడ్జి గ్యారీ క్లాస్నర్ వేతనాల ఆరోపణను కొట్టేశారు. ఆయన చూసిన లెక్క వేరు. కేసు వర్తించే కాలంలో మహిళల జట్టు 111 మ్యాచ్‌లు ఆడి మొత్తం 2.45 కోట్ల డాలర్లు తీసుకుంది, సగటున మ్యాచ్‌కు 2,20,747. పురుషుల జట్టు 87 మ్యాచ్‌లకు 1.85 కోట్లు, సగటున 2,12,639. మహిళలకే ఎక్కువ వచ్చింది కదా అన్నది తీర్పు. పైగా పురుషులది ‘ఆడితేనే డబ్బు’ పద్ధతి. మహిళలు అది వద్దని, బోనస్ తక్కువైనా ఖాయంగా జీతం వచ్చే ఒప్పందం కోరి తెచ్చుకున్నారని జడ్జి గుర్తుచేశారు. ఇది కొట్టిపారేయాల్సిన వాదన కాదు. ఖాయమైన జీతానికి, బీమాకు, ప్రసూతి సెలవుకు కూడా విలువ ఉంటుంది. గాయపడి ఆర్నెల్లు ఆడకపోయినా డబ్బు వస్తుంది.

మరి ప్లేయర్ల పట్టు ఏమిటి? ఇద్దరు బీడీలు చుడుతున్నారనుకుందాం. ఒకరికి వెయ్యి బీడీలకు 250 రూపాయలు, ఇంకొకరికి 200. తక్కువ రేటు ఉన్నామె ఎక్కువ గంటలు కూర్చుని, ఎక్కువ వేలు చుట్టి, వారం చివర ఎక్కువ డబ్బు పట్టుకెళ్లింది. ఆమెకు అన్యాయం జరగలేదని అనగలమా? అమెరికా మహిళల జట్టు ఆ కాలంలో రెండు వరల్డ్ కప్‌లు గెలిచింది. పురుషుల జట్టు 2018 వరల్డ్ కప్‌కు అర్హత కూడా సాధించలేదు. గెలుపుల వల్ల వచ్చిన మొత్తాన్ని, ఓటముల వల్ల తగ్గిన మొత్తంతో పోల్చి సమానమే అనడం సరికాదన్నది వాళ్ల మాట. నాకైతే రేటు గురించిన ఈ వాదనే బలంగా అనిపిస్తుంది, కానీ జడ్జి చెప్పిన ఖాయమైన జీతం సంగతి విడిచిపెట్టి దీన్ని చెప్పడం మాత్రం నిజాయితీ కాదు.

అప్పీలు నడుస్తుండగానే 2022 ఫిబ్రవరిలో రాజీ కుదిరింది. 2.4 కోట్ల డాలర్లు: 2.2 కోట్లు ప్లేయర్లకు, 20 లక్షలు వాళ్ల భవిష్యత్తుకూ ఆట అభివృద్ధికీ పెట్టే నిధికి. అసలు మార్పు ఆ ఏడాది మేలో వచ్చింది. రెండు జట్లకూ ఒకే మ్యాచ్ ఫీజులు, ఒకే బోనస్‌లు అని ఒప్పందాలు కుదిరాయి. వరల్డ్ కప్‌లలో ఎవరికి ఎంత ప్రైజ్ మనీ వచ్చినా ఒకే చోట పోసి చెరిసగం పంచుకోవాలన్నారు.

అది ఎలా పనిచేసిందో చూద్దాం. 2022లో ఖతార్‌లో పురుషుల జట్టు ప్రీక్వార్టర్స్ (చివరి 16 జట్ల దశ) దాకా వెళ్లింది, ఫిఫా నుంచి 1.3 కోట్ల డాలర్లు వచ్చాయి. 2023లో మహిళల జట్టు కూడా ప్రీక్వార్టర్స్‌లోనే, స్వీడన్ చేతిలో పెనాల్టీల్లో ఓడింది. దానికి వచ్చింది 32.5 లక్షలు. రెండూ కలిపితే 1.625 కోట్లు. సమాఖ్య తీసుకునే వాటాను లెక్క సులువు కోసం పక్కన పెడితే, ఒక్కో జట్టుకు 81.25 లక్షలు. మహిళల జట్టు 2015లో, 2019లో ప్రపంచ విజేతగా నిలిచినప్పుడు ఫిఫా ఇచ్చింది రెండూ కలిపి 60 లక్షలే. విజేతగా రెండుసార్లు రాని డబ్బు, ప్రీక్వార్టర్స్‌లో ఓడిన ఏడాది వచ్చింది.

ఈ ఒప్పందంలో పురుషుల జట్టు దాదాపు 49 లక్షల డాలర్లు వదులుకుంది. వాళ్లు సరే అనకపోతే ఇది జరిగేది కాదు. నార్వేలో 2017లో కూడా ఇలాగే పురుషుల జట్టు తన రాబడిలో కొంత ఇచ్చి మహిళల ఫీజును తమతో సమానం చేసింది. ఫిఫా వైపు నుంచి వచ్చే తేడాను మాత్రం ఇది తుడిచెయ్యలేదు. దాన్ని ఇంట్లోనే సర్దుకున్నారు.

వరల్డ్ కప్ ప్రైజ్ మనీ: తొమ్మిది రెట్ల నుంచి నాలుగు రెట్లకు

2018లో పురుషుల కప్ గెలిచిన ఫ్రాన్స్‌కు 3.8 కోట్ల డాలర్లు. 2019లో మహిళల కప్ గెలిచిన అమెరికాకు 40 లక్షలు. తొమ్మిదిన్నర రెట్లు. 2022లో అర్జెంటీనాకు 4.2 కోట్లు వస్తే, 2023లో స్పెయిన్ మహిళల జట్టుకు మొత్తం 1.05 కోట్లు వచ్చాయి: సమాఖ్యకు 42.9 లక్షలు, 23 మంది ప్లేయర్లకు తలా 2.7 లక్షలు. తేడా సరిగ్గా నాలుగు రెట్లు.

‘ఒకే మొత్తం’, ‘ఒకే శాతం’ అనేవి ఇక్కడే కలగాపులగం అవుతాయి. ఆస్ట్రేలియా 2019లో తన రెండు జట్లకూ సమాన ఒప్పందం ఇచ్చింది. కానీ ప్రైజ్ మనీ విషయంలో అది సమాన శాతం. సగం ప్లేయర్లకు అనుకుందాం. పైన చెప్పిన విజేతల మొత్తాలే తీసుకుంటే పురుషులకు 2.1 కోట్లు, మహిళలకు 52.5 లక్షలు. శాతం సమానమే, చేతికొచ్చేది నాలుగో వంతే. 2023 వరల్డ్ కప్ మొదలయ్యే ముందు ఆస్ట్రేలియా మహిళా జట్టు వీడియో చేసి మరీ ఈ సంగతి ఎత్తి చూపింది.

2023 కప్‌లో ఇంకో కొత్త సంగతి, గ్రూప్ దశలోనే ఇంటిదారి పట్టిన జట్లలో కూడా ఒక్కొక్కరికి 30,000 డాలర్లు అని ఫిఫా ప్రకటించడం. జీతమే సరిగా లేని దేశాల ప్లేయర్లకు అది జీవితాన్ని మార్చే డబ్బు. అయితే టోర్నీకి కాస్త ముందు ఫిఫా అధ్యక్షుడు జియాని ఇన్‌ఫాంటినో, డబ్బు సమాఖ్యల ద్వారానే వెళుతుంది కాబట్టి ప్రతి ప్లేయర్‌కూ చేరుతుందని హామీ ఇవ్వలేమన్నారు. ఈ టెన్షన్ ఊరికే పుట్టింది కాదు. 2016లో ఆఫ్రికా కప్ గెలిచిన నైజీరియా మహిళా జట్టు, బాకీ ఉన్న బోనస్‌ల కోసం అబుజాలో ఒక హోటల్‌లో బైఠాయించాల్సి వచ్చింది. జమైకా జట్టు 2023 కప్‌కు వెళ్లడానికి ఒక ప్లేయర్ తల్లి ఆన్‌లైన్‌లో చందాలు పోగుచేశారు. ఆ జట్టు ఫ్రాన్స్‌ను, బ్రెజిల్‌ను నిలువరించి ప్రీక్వార్టర్స్‌కు చేరింది.

‘రాబడి లేనప్పుడు ఎలా ఇస్తారు?’

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, అడగాల్సిందే కూడా. 2019–2022 నాలుగేళ్లలో ఫిఫా రాబడి దాదాపు 750 కోట్ల డాలర్లు. అందులో ఎక్కువ భాగం పురుషుల వరల్డ్ కప్ పుణ్యమే. 2023 మహిళల కప్‌తో 57 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయని, ఖర్చులకు సరిపోయాయని ఇన్‌ఫాంటినో చెప్పారు. శాతాలు చూస్తే ఖతార్ కప్ ప్రైజ్ మనీ 44 కోట్లు, అంటే నాలుగేళ్ల రాబడిలో ఆరు శాతం లోపు. మహిళల ప్రైజ్ మనీ 11 కోట్లు, ఆ కప్ తెచ్చిన దానిలో దాదాపు 19 శాతం. ఈ లెక్కన మహిళలకే ఎక్కువ వాటా ఇస్తున్నట్టు. పురుషుల కప్ డబ్బుతోనే 211 దేశాల సమాఖ్యలకు సాయం వెళుతుంది, ప్రైజ్ మనీ ఒక్కసారిగా పెంచితే పేద దేశాల మైదానాలకు కోత పడుతుందన్న వాదన కూడా ఉంది. అదీ తేలిగ్గా తీసేయదగ్గది కాదు.

అవతలి వాదన ఏమిటంటే, ఆ రాబడిని అసలు సరిగా కొలిచిందెప్పుడు? 2023 దాకా మహిళల కప్ ప్రసార హక్కులను పురుషుల కప్‌తో కలిపి కట్టగట్టి అమ్మేవారు. దేనికి ఎంత అన్నది విడిగా తేలేది కాదు. విడిగా అమ్మకానికి పెట్టిన మొదటిసారే, పురుషుల కప్‌కు 10 నుంచి 20 కోట్ల డాలర్లు ఇచ్చే యూరప్ చానళ్లు దీనికి 10 లక్షల నుంచి కోటి దాకానే ఇస్తామంటున్నాయని ఇన్‌ఫాంటినో మండిపడ్డారు. చూసే జనం మాత్రం పురుషుల కప్‌లో 50–60 శాతం ఉంటారన్నది ఆయన మాట. మ్యాచ్‌లు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో కావడం వల్ల యూరప్‌లో అవి పొద్దున పూట వచ్చాయి, కాబట్టి ధర తగ్గడంలో అర్థం లేకపోలేదు. అయినా ఫైనల్ రోజు ఒక్క బీబీసీలోనే ఒక దశలో కోటీ 20 లక్షల మంది చూశారు. టోర్నీ మొత్తానికి స్టేడియాలకు వచ్చినవాళ్లు దాదాపు 20 లక్షలు.

అమెరికాలో విడి లెక్కలు ఉన్నాయి కాబట్టి పోల్చి చూడొచ్చు. 2016 నుంచి 2018 వరకు మహిళల జట్టు మ్యాచ్‌లు 5.08 కోట్ల డాలర్లు తెస్తే, పురుషులవి 4.99 కోట్లు తెచ్చాయి.

ఇక జనం రారు అన్న మాటకు వందేళ్ల నాటి జవాబు ఒకటి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్‌లో డిక్, కెర్ అనే ఫ్యాక్టరీలో ఆయుధాలు తయారుచేసే అమ్మాయిలు ఒక జట్టు పెట్టారు. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో వాళ్ల మ్యాచ్‌కు 53,000 మంది వచ్చారు. చోటు లేక వేలమందిని గేటు బయటి నుంచే పంపేశారు. వసూలైన 3,115 పౌండ్లు ధర్మకార్యాలకు ఇచ్చారు. ఏడాది తిరగకుండానే, 1921 డిసెంబరు 5న, ఫుట్‌బాల్ ఆడవాళ్లకు ఏమాత్రం తగినది కాదని, దాన్ని ప్రోత్సహించకూడదని ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తీర్మానించింది. వసూళ్లలో ఎక్కువ భాగం ఖర్చులకే పోతోందన్న ఆరోపణ కూడా చేసింది. మహిళలకు మైదానాలు ఇవ్వొద్దని క్లబ్బులను కోరింది. ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్లు నడిచింది. పశ్చిమ జర్మనీలో 1955 నుంచి 1970 వరకు, బ్రెజిల్‌లో 1941 నుంచి 1979 వరకు ఇలాంటి నిషేధాలే ఉన్నాయి. 2027 మహిళల వరల్డ్ కప్ జరిగేది ఆ బ్రెజిల్‌లోనే.

1971లో ఫిఫా గుర్తింపు లేకుండా మెక్సికోలో మహిళల టోర్నీ పెడితే, అజ్టెకా స్టేడియంలో ఫైనల్‌కు లక్ష మందికి పైగా వచ్చారు. డెన్మార్క్ 3–0తో మెక్సికోను ఓడించింది, మూడు గోల్స్ కొట్టింది పదిహేనేళ్ల సుసానె ఆగస్టెసెన్. ఫిఫా తన మొదటి మహిళల వరల్డ్ కప్ పెట్టడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. 1991లో చైనాలో పెట్టినప్పుడు కూడా మ్యాచ్‌ను 80 నిమిషాలకు కుదించారు. పురుషుల ఆట క్లబ్బులు, అభిమానులు, స్టేడియాలు కూడబెట్టుకున్న ఆ కాలమంతా మహిళలు పార్కుల్లో ఆడుకున్నారు. ఇవాళ్టి చానల్ ఇవాళ్టి ప్రేక్షకుడికే డబ్బు కడుతుంది, పాత తప్పులకు కట్టదు అని ఎవరైనా అంటే కాదనలేం. కానీ తప్పు చేసింది చానల్ కాదు, సమాఖ్యలే. ఇప్పుడు డబ్బు పంచేది కూడా అవే. ప్రశ్న వాటినే అడగడంలో న్యాయం ఉంది.

బిడ్డ పుడితే జీతం ఆగిందా?

ఫిఫా 2021లో ఒక నియమం తెచ్చింది: కనీసం 14 వారాల ప్రసూతి సెలవు, ఆ కాలానికి జీతంలో కనీసం మూడింట రెండు వంతులు. ఐస్‌లాండ్ కెప్టెన్ సారా బ్యోర్క్ గునర్స్‌డోటిర్ ఫ్రాన్స్‌లోని లియోన్ క్లబ్‌కు ఆడుతూ గర్భవతి అయ్యారు, పూర్తి జీతం రాలేదు. ఫిర్యాదు చేస్తే 82,000 యూరోలకు పైగా చెల్లించమని ఫిఫా ట్రిబ్యునల్ క్లబ్‌ను ఆదేశించింది. యూరప్‌లో అప్పటికి తిరుగులేని క్లబ్‌లో, అంత పేరున్న ప్లేయర్‌కే ఇలా అయితే చిన్న క్లబ్బుల్లో ఒప్పంద పత్రం కూడా లేకుండా ఆడేవాళ్ల సంగతి ఊహించుకోవచ్చు.

మన దేశంలో గొడవ ఇంకో మెట్టు కింద ఉంది

భారత మహిళా జట్టు ఒకప్పుడు ఆసియాలో గట్టిదే. 1980లో కాలికట్‌లో, 1983లో బ్యాంకాక్‌లో ఆసియా టోర్నీ ఫైనల్స్ ఆడింది. తర్వాత దశాబ్దాల పాటు నిర్లక్ష్యం. దేశవ్యాప్త మహిళల లీగ్ మొదలైందే 2017 జనవరిలో. 2025 జులైలో చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్‌ను 2–1తో ఓడించి, క్వాలిఫయర్స్ ఆడి గెలిచి ఆసియా కప్‌కు అర్హత సాధించడం మన జట్టు చరిత్రలో అదే మొదటిసారి. రెండు గోల్స్ సంగీతా బస్ఫోర్‌వి.

ఆ జట్టులో మన తెలుగమ్మాయి ఉంది. నిజామాబాద్ జిల్లాకు చెందిన గుగులోత్ సౌమ్య. లంబాడా కుటుంబం నుంచి వచ్చి, గోకులం కేరళకు ఆడి, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు వెళ్లింది. 2024–25లో ఈస్ట్ బెంగాల్ లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉంది. క్రికెట్‌లో ఇంత ఎదిగి ఉంటే రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి ఇంట్లో పేరు తెలిసేది.

ఇక్కడ డబ్బు లెక్క ఇలా ఉంటుంది. 2023–24 సీజన్ నుంచి లీగ్‌లోని ప్రతి క్లబ్ కనీసం పదిమంది భారతీయ ప్లేయర్లకు ఏడాదికి 3.2 లక్షల రూపాయల కనీస జీతంతో ఒప్పందం రాయాలని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య నిర్ణయించింది. నెలకు 26,667 రూపాయలు. ఎనిమిది క్లబ్బులంటే దేశం మొత్తం మీద నిబంధన ప్రకారం ఖాయంగా జీతం దక్కేది 80 మందికి. జట్టులో పదకొండో అమ్మాయికి ఆ హామీ వర్తించదు.

జీతం కన్నా ముందు ఆట ఉండాలి. ఎనిమిది క్లబ్బులు ఒకదానితో ఒకటి రెండేసి సార్లు తలపడితే ఒక్కో జట్టుకు వచ్చేవి 14 మ్యాచ్‌లు. ఒక్క నిమిషం కూడా బయట కూర్చోకుండా ఆడితే ఏడాదికి 1,260 నిమిషాలు, అంటే 21 గంటలు. ఇంగ్లండ్ మహిళల సూపర్ లీగ్‌లో 2024–25లో 12 క్లబ్బులతో 22 మ్యాచ్‌లు ఉంటే, అమెరికా లీగ్ 2024లో 26 ఆడించింది. అక్కడ కప్పులు, ఖండ స్థాయి టోర్నీలు అదనం. మిగతా నెలల్లో మన ప్లేయర్లు జీతం లేని క్యాంపుల్లో, ఊళ్లోని గ్రౌండ్లలో, కొందరు పోలీసు, రైల్వే లాంటి ఉద్యోగాల తరఫున ఆడుతూ ఫిట్‌నెస్ కాపాడుకుంటారు. అమెరికా జట్టు కోర్టుకెక్కి సాధించిన సమాన బోనస్‌ను ఇక్కడ ఎవరైనా అడగాలంటే ముందు బోనస్ లెక్కపెట్టేటన్ని మ్యాచ్‌లు కావాలి. మన అమ్మాయిలు అడుగుతున్నది ప్రస్తుతానికి అదే: ఏడాది పొడవునా సాగే లీగ్, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు జిల్లా స్థాయిలో క్రమం తప్పని మ్యాచ్‌లు, జట్టులో అందరికీ సంతకం చేసిన కాంట్రాక్టు.